తాళం తీసేశాక చూశావా?

ఈ సంచికలో కథలూ కవితలూ రాసే మిత్రులు చాలామందే ఉన్నారు. నాకా విద్య అబ్బలేదు. ఎలక్ట్రికల్ బ్రాంచిలో మూడో సంవత్సరం వెలగబెడుతున్నవాణ్ణి కనక, తీగల గురించీ వోల్టుల గురించీ నాలుగు ముక్కలు రాయమని సంపాదకవర్గంవారు ఆజ్ఞాపించారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతులు రాయడం కన్నా, భీమిలిలో మా మావయ్య కారు దగ్గర నేను తప్పిన పరీక్ష గురించి రాస్తేనే పదిమందికీ పనికొస్తుందని తోచింది. చదివి నవ్వుకుంటే నవ్వుకోండి. కానీ మీ ఇంట్లో ఎవరైనా కారులో కెమెరా బిగించుకోబోతుంటే మాత్రం, నవ్వడం అయ్యాక ఇంకొక్కసారి చదవండి.

మావయ్యకు సొంత కారుంది. దాన్ని బాడుగకు తిప్పడమే ఆయన బతుకుతెరువు. భీమిలి నుంచి విశాఖపట్నానికి బీచి రోడ్డు మీద పాతిక ముప్ఫై కిలోమీటర్లు. ఎన్ని బేరాలు వచ్చినా పోయినా, వారానికి మూడు ప్రయాణాలు మాత్రం ఖాయం. మంగళ, గురు, శనివారాల్లో తెల్లవారుజామున నాలుగున్నరకి మా వీధిలోనే ఉండే లెక్కల మేష్టారిని ఎక్కించుకుని విశాఖలో డయాలసిస్‌కి తీసుకెళ్ళాలి. మూత్రపిండాలు పనిచేయని మనిషికి ఆ యంత్రమే రక్తాన్ని శుభ్రపరుస్తుంది. వంతు తప్పితే కుదరదు. ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోండి.

కిందటేడు ఒక మోటారుసైకిలు కుర్రాడు ఎడమ పక్కనుంచి దూసుకొచ్చి, కారు అద్దానికి తగిలి పడ్డాడు. దెబ్బ పెద్దది కాదు గానీ జనం పోగయ్యారు. పెద్ద బండిదే తప్పు అన్నది మన రోడ్ల మీద ఎవరూ రాయని చట్టం. మావయ్య మూడు వేలు చేతిలో పెట్టి బయటపడ్డాడు. ఆ రాత్రి అన్నం తింటూ, "ఒరే అల్లుడూ, కారుకి కూడా ఓ కన్నుండాల్రా" అన్నాడు. ఆ కన్నే డాష్‌క్యామ్. ముందు అద్దానికి లోపలివైపు అంటించుకునే చిన్న కెమెరా. రోడ్డు మీద జరిగేదంతా చిన్న చిన్న ముక్కలుగా మెమరీ కార్డు మీద రాసుకుంటూ, కార్డు నిండగానే పాతవి చెరిపి కొత్తవి రాసుకుంటుంది.

మూడు తీగల కథ

కెమెరాని సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చితే చాలు, పనిచేస్తుంది. కానీ చాలా కార్లలో తాళం తీయగానే ఆ సాకెట్ ఆరిపోతుంది. నిలిపి ఉన్న కారుని ఎవరైనా గీరిపోతే సాక్ష్యం ఉండదు. అందుకని తీగల్ని నేరుగా కారు ఫ్యూజు పెట్టెకి కలిపే కిట్ ఒకటి అమ్ముతారు. 12 వోల్టుల్ని 5 వోల్టులకి తగ్గించే చిన్న డబ్బా అది. దానికి మూడు తీగలుంటాయి.

ఒకటి, ఎప్పుడూ కరెంటు ఉండే చోటికి వెళ్ళాలి. రెండోది, తాళం తిప్పితేనే కరెంటు వచ్చి, తీస్తే పోయే చోటికి వెళ్ళాలి. మూడోది కారు ఇనుప శరీరానికి, అంటే ఎర్తుకి. సాధారణంగా మొదటిది పసుపు, రెండోది ఎరుపు, మూడోది నలుపు. ఐతే రంగుల్ని గుడ్డిగా నమ్మకూడదు, కిట్‌తో వచ్చిన కాగితం చూడాలి. ఈ మూడింటిలో ఎర్ర తీగ కూలీ కాదు, వార్తాహరుడు. దాంట్లో కరెంటు ఉంటే "కారు నడుస్తోంది" అనీ, పోతే "కారు నిలిపారు, ఇక కాపలా పని చూసుకో" అనీ కెమెరాకి కబురు చెబుతుంది.

కిట్‌లో ఇంకొక మీట కూడా ఉంటుంది. బాటరీ వోల్టేజి ఫలానా అంకెకి పడిపోతే కెమెరాకి కరెంటు ఆపేసే మీట. మావయ్య కొన్నదాంట్లో 11.6, 12.0, 12.2 అని మూడు స్థానాలున్నాయి.

దీపావళి సెలవుల్లో నేనే బిగించాను. దుకాణంలో బిగింపుకి విడిగా డబ్బులడిగారు. "ఇంట్లో ఇంజనీరుండగా దండగెందుకు మావయ్యా" అన్నాను. స్టీరింగు కిందనున్న ఫ్యూజు పెట్టె మూత తీసి, తాళం తిప్పి, మల్టీమీటరుతో ఒక్కొక్క ఫ్యూజునే తడిమాను. 12 వోల్టులు చూపించిన రెండింటిని ఎంచుకున్నాను. ఎర్ర తీగకి నేను ఎంచుకున్న ఫ్యూజు మీద 'సాకెట్' అని రాసి ఉంది. సాకెట్ అంటే తాళంతోపాటు ఆరేదే కదా అని నమ్మాను. నల్ల తీగని డాష్‌బోర్డు కింద కనబడ్డ ఒక బోల్టుకి బిగించి, మీటరు 'బీప్' అనగానే తృప్తిపడ్డాను. మీటని 11.6 దగ్గర పెట్టాను. ఎక్కువసేపు కాపలా కాస్తుంది కదా! అత్తయ్య చుట్టుపక్కలవాళ్ళని పిలిచి మరీ చూపించింది.

ఎర్ర తీగ విషయంలో జరిగింది ఏమిటంటే, ఆ కారులో ఆ సాకెట్ తాళం తీసినా ఆరదు. రెండు తీగలకీ నిత్యం కరెంటే. కెమెరా దృష్టిలో మావయ్య కారు పగలూ రాత్రీ నడుస్తూనే ఉంది!

రెండు తెల్లవారుజాములు

నెలన్నర దాకా ఏమీ కాలేదు. ఎందుకంటే కారు రోజూ తిరిగేది. రాత్రి కెమెరా తాగిన దాన్ని పగలు ఆల్టర్నేటరు తిరిగి నింపేది. డిసెంబరులో ఒక ఆదివారం సాయంత్రం నిలిపిన కారు సోమవారం బేరాలు లేక కదలలేదు. మంగళవారం తెల్లవారుజామున మావయ్య తాళం తిప్పితే 'టక్' మని ఒక్క చప్పుడు. అంతే.

మేష్టారు శాలువా కప్పుకుని వీధి అరుగు మీద సిద్ధంగా ఉన్నారు. చివరికి ఎవరినో లేపి ఆటోలో పంపారు. ఆయన చేరేసరికి ఆ వంతు ఇంకొకరికి ఇచ్చేశారు. మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చోవలసి వచ్చింది.

మావయ్య హాస్టలుకి ఫోను చేశాడు. "నువ్వు పెట్టిన కెమెరా వల్ల గానీ కాదు కదరా?" అని అడిగాడు. నిజం చెబుతున్నాను, ఆ అనుమానం ఆయన కంటే ముందు నాకే వచ్చింది. కానీ నోటివెంట వచ్చిన మాట వేరు. "మూడేళ్ళ బాటరీ కదా మావయ్యా, ముసలిదైపోయి ఉంటుంది" అన్నాను. ఆ మాట మీద మావయ్య నాలుగు వేల చిల్లర పోసి కొత్త బాటరీ కొన్నాడు. పాతది మార్పిడి కింద దుకాణానికి పోయింది. దాని తప్పు ఎంతో, నాది ఎంతో ఇక తేలే దారి లేదు.

సంక్రాంతికి ఊరెళ్ళాను. భోగి నాడు మధ్యాహ్నం మావయ్య చుట్టాల్ని బస్టాండు నుంచి తెచ్చి దింపాడు. ఇంజను ఆపీ ఆపగానే బాటరీకి మీటరు పెట్టి చూశాను. 12.9 వోల్టులు! "భేషుగ్గా ఉంది" అని ప్రకటించాను. పండగనాడు వచ్చిన వంతుకి మేష్టారిని ఆయన కొడుకు తన కారులో తీసుకెళ్ళాడు. కనుమ నాడు కాకైనా కదలదంటారు, మరి మావయ్య కారెలా కదులుతుంది? ముక్కనుమ తెల్లవారుజామున నాలుగున్నరకి మళ్ళీ 'టక్'. మళ్ళీ అదే అరుగు మీద అదే శాలువాలో అదే మనిషి. ఈసారి ఆటో తేవడానికి చలిలో పరుగెత్తింది నేనే.

లెక్క కడితే

బాటరీ గురించి రెండు ముక్కలు. కారు బాటరీలో ఆరు గదులుంటాయి. గదికి సుమారు 2.1 వోల్టుల చొప్పున, నిండు బాటరీ విశ్రాంతిలో 12.6 చూపిస్తుంది. 12.2 చూపిస్తే దరిదాపు సగం ఖాళీ. 12.0 అంటే పావు వంతే మిగిలింది. 11.6 అంటే అడుగంటినట్టే. చూశారా, నిండుకీ ఖాళీకీ మధ్య తేడా ఒక్క వోల్టు. నేను మీట పెట్టిన చోటు ఆ అడుగే! కెమెరా తన పని తాను చూసుకుంటుంది సరే, స్టార్టరు మోటారుకి క్షణకాలం వంద ఆంపియర్లకు పైనే కావాలి. దాని వాటా ఏదీ?

మరి భోగి నాటి 12.9 సంగతి? అది ఒట్టి పైపై నురగ. ఆల్టర్నేటరు 14 వోల్టుల దరిదాపున నింపుతూ ఉంటుంది కనక, ఇంజను ఆపిన వెంటనే చూస్తే బాటరీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పాలు పొంగినప్పుడు గిన్నెలో ఎన్ని ఉన్నాయో చెప్పగలమా? కొన్ని గంటలు ఆగి చూస్తేనే నిజం. ముక్కనుమ ఉదయం అదే బాటరీ 11.7 చూపించింది.

ఇంతకీ ఎంత తాగింది? కారు నిద్రపోతున్నప్పుడు గడియారానికీ తాళాల యంత్రాంగానికీ కలిపి చాలా కార్లు 50 మిల్లీఆంపియర్ల లోపే తీసుకుంటాయి. దీన్ని కొలవాలంటే బాటరీ రుణ కొస తీసి, మధ్యలో మీటరుని ఆంపియర్ల స్థానంలో పెట్టాలి. తలుపు మూసి తాళం వేసి అరగంట ఆగాలి. తలుపు తీస్తే చాలు, కారులోని కంప్యూటర్లు మేలుకుంటాయి, కొలత తప్పుతుంది. మీటరు అలా ఉండగా ఎవరూ తాళం తిప్పకూడదు, మీటరు ఫ్యూజు పోతుంది. ఆంపియర్ల స్థానంలో ఉన్న మీటరుని బాటరీ రెండు కొసల మధ్యా అసలు పెట్టకూడదు. అది షార్ట్ సర్క్యూటే.

అలా కొలిస్తే 0.43 ఆంపియర్లు వచ్చింది. కెమెరా కిట్ ఫ్యూజు లాగేస్తే 0.03కి పడిపోయింది. దొంగ దొరికాడు. దొంగకి తలుపు తీసిపెట్టింది ఎవరన్నది అప్పటికి నాకు ఇంకా తెలియదు.

చెక్ లైటు చెప్పిన తీర్పు

మావయ్య ఇక నన్ను నమ్మలేదు. ఆటో ఎలక్ట్రీషియన్ని పిలుచుకొచ్చాడు. నడివయసు మనిషి. చేతిలో మీటరు లేదు, చెక్ లైటు ఉంది. అంటే రెండు తీగలున్న చిన్న బల్బు. ఒక కొస ఎర్తుకి తగిలించి, రెండో కొసతో నా ఎర్ర తీగ ఉన్న ఫ్యూజు ముట్టుకున్నాడు. వెలిగింది. "ఔనండీ, అక్కడ కరెంటుందని నేనూ చూశాను" అన్నాను కాస్త గర్వంగానే.

ఆయన కారు తాళం తీసి మావయ్య చేతిలో పెట్టాడు. మళ్ళీ ముట్టుకున్నాడు. బల్బు వెలుగుతూనే ఉంది. "తాళం తీసేశాక చూశారా బాబూ?" అన్నాడు.

లేదు. చూడలేదు. వెలుగుతుందా అని మాత్రమే చూశాను. ఆరవలసినప్పుడు ఆరుతుందా అని చూడలేదు. తప్పు ఎక్కడుందో వెతికే ప్రతిచోటా కీలకం ఇదేనని నాకిప్పుడు అనిపిస్తోంది. 'ఔను' అన్న జవాబు మాత్రమే రాగల ప్రశ్న అడిగితే అది పరీక్ష కాదు. 'కాదు' అని చెప్పే అవకాశం కూడా దానికి ఇవ్వాలి.

ఆయన పని అక్కడితో ఆగలేదు. గోతుల్లో పడినప్పుడల్లా కెమెరా ఆరి మళ్ళీ వెలుగుతోందని మావయ్య ఎప్పటినుంచో అంటున్నాడు. అలా ఆరినప్పుడు ఆ క్షణం రికార్డు కాకపోవచ్చు. దెబ్బ తగిలే క్షణమే పోతే ఇక కెమెరా ఎందుకు? నేను మెమరీ కార్డుదే తప్పన్నాను. ఎలక్ట్రీషియన్ నల్ల తీగ కదిపాడు, కెమెరా ఆరింది. నేను బిగించిన బోల్టు కింద రంగు పూత ఉంది, పైగా సముద్రపు గాలికి పట్టిన తుప్పు. ఈసారి నేనే బుద్ధిగా కొలిచాను. కెమెరా నడుస్తుండగా, నల్ల తీగ కొసకీ బాటరీ రుణ కొసకీ మధ్య 0.9 వోల్టులు! సున్నా దరిదాపున ఉండవలసిన చోటు. ఓమ్ సూత్రం ప్రకారం 0.9ని 0.4తో భాగిస్తే రెండు ఓములకు పైనే నిరోధం. మరి దీపావళికి 'బీప్' అన్నదేమిటి? మీటరు ఆ పరీక్షలో అతి స్వల్పమైన కరెంటు పంపుతుంది, కొన్ని ఓముల నిరోధాన్ని లెక్కచెయ్యదు. అంటే తీగ మీద బరువు పెట్టకుండానే నేను దాని బలం తేల్చేశానన్నమాట. బోల్టు కింద ఉప్పుకాగితంతో గీకి ఇనుము మెరిసేలా చేసి బిగిస్తే 0.02కి దిగింది. ఆ తరవాత ఏ గోతిలోనూ కెమెరా ఆరలేదు.

మీరు చేయబోతే

ఇక నాలాగ తలబొప్పి కట్టించుకోకుండా ఉండడానికి వరసగా చెబుతాను.

ముందు తప్పు ఏ సగంలో ఉందో తేల్చండి. కెమెరాని దాని చిన్న తీగతో పవర్‌బ్యాంకుకి కలిపి చూడండి. అక్కడా మొరాయిస్తే తప్పు కెమెరాదో కార్డుదో. అక్కడ బాగుండి కారులో మొరాయిస్తే తప్పు మీ తీగల్లో ఉంది. కార్డుని అప్పుడప్పుడు కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యాలి. నిరంతరం రాయడానికి తట్టుకునే రకం కార్డులు విడిగా దొరుకుతాయి, అవే కొనండి.

రెండు, ప్రతి ఫ్యూజునీ మూడు సార్లు చూడండి. తాళం తిప్పి ఒకసారి, తీసేసి ఒకసారి, తీసి అరగంట అయ్యాక ఇంకొకసారి. కొన్ని కార్లలో తాళం తీశాక కూడా కొన్ని నిమిషాలపాటు కరెంటు నిలిచి ఉంటుంది. మూత మీద రాసిన పేరుని సాక్ష్యంగా తీసుకోకండి.

మూడు, ఎయిర్‌బ్యాగు, బ్రేకులు, ఇంజను కంప్యూటరు ఫ్యూజుల జోలికి పోకండి. పాత ఫ్యూజు స్థానంలో రెండు ఫ్యూజులు పట్టే కొక్కెం ఒకటి వాడతారు, ఫ్యూజు టాప్ అంటారు. కారు పాత ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో అంతే తిరిగి పెట్టండి. కెమెరాకి విడిగా కాగితంలో చెప్పినంత చిన్న ఫ్యూజు పెట్టండి. టాప్‌ని తిరగేసి పెడితే కెమెరా కరెంటు కూడా పాత ఫ్యూజు గుండానే పోతుంది. పాత ఫ్యూజు తీసి, గాడిలోని రెండు కాళ్ళలో బాటరీ వైపుది ఏదో చూసుకుని పెట్టాలి.

నాలుగు, ముందు అద్దం పక్కనుండే స్తంభంలో కొన్ని కార్లకి ఎయిర్‌బ్యాగు ఉంటుంది. తీగని దానికి ముందునుంచి లాగితే, అది విచ్చుకునే దారికి అడ్డం పడుతుంది. వెనకనుంచి లాగాలి. తెలియకపోతే తెలిసినవాడికి డబ్బులిచ్చి చేయించుకోండి. అది దండగ కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఐదు, ఎర్తు తీగని పరీక్షించేది కెమెరా నడుస్తున్నప్పుడు. 0.1 వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే బోల్టు మార్చండి.

ఆరు, మీటని 12.2 దగ్గర పెట్టండి. కాపలా కొన్ని గంటలు తగ్గుతుంది, కానీ కారు కదులుతుంది. రెండు మూడు రోజులు కదలని కారుకి కెమెరా తీగే పీకేయండి. వీధిని కాపాడే కన్ను కోసం ఇల్లు గుల్ల చేసుకోకూడదు.

మేష్టారి ప్రశ్న

ఆ సాయంత్రం మావయ్యతో అసలు సంగతి చెప్పాను. బాటరీ డబ్బులు నా స్కాలర్‌షిప్పులోంచి ఇస్తానన్నాను. ఆయన సగమే తీసుకున్నాడు. "ఆ బాటరీ ఎలాగూ ముసలిదేలే" అన్నాడు. నా మాటే నాకు అప్పజెప్పాడో, నన్ను మన్నించాడో తెలియలేదు.

మేష్టారి దగ్గరికి వెళ్ళడం అంతకంటే కష్టమైంది. చేతికి కట్టుతో మంచం మీద పడుకుని ఉన్నారు. అంతా చెప్పాను. కోప్పడలేదు. "కారు ఎన్ని గంటలు నిలిచింది నాయనా?" అని అడిగారు. భోగి మధ్యాహ్నం రెండు నుంచి ముక్కనుమ తెల్లవారి నాలుగున్నర దాకా అని చెప్పాను. "అరవై రెండున్నర. గంటకి ఎంతన్నావు? 0.43. ఇరవయ్యారు ముప్పాతిక పైచిలుకు. బాటరీ ఎంతది?" 35 ఆంపియర్-అవర్లదండీ అన్నాను. కళ్ళు మూసుకుని, "ముప్పాతిక వంతు పోయిందన్నమాట" అన్నారు. ఆ తరవాత కళ్ళు తెరిచి, "ఇది అయిదో తరగతి హెచ్చవేత కదరా. దీపావళికే ఎందుకు వెయ్యలేదూ?" అని అడిగారు.

జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ లేదు.

ఇప్పుడు మంగళ, గురు, శనివారాల్లో నాలుగున్నరకి కారు కదులుతోంది. కదిలిందని మావయ్య హాస్టలుకి ఒక చిన్న సందేశం పంపుతాడు. పంపమని నేను అడగలేదు. ఆ వేళకి మెలకువ వచ్చి ఫోను చూసుకోవడం మాత్రం నాకు అలవాటైపోయింది.